ఢిల్లీకి హద్దులు సరే, మీకో?

ఎన్నికల ముందు సామర్లకోటలో మా వీధికి ఓటడగడానికి వచ్చిన ఒక అభ్యర్థి రాష్ట్రాల హక్కుల గురించి గట్టిగా మాట్లాడారు. రాజ్యాంగం గీసిన గీత దాటి కేంద్రం పెత్తనం చేస్తోందనీ, 'కేంద్రం మిథ్య' అన్న ఎన్.టి. రామారావు మాటే సరైనదనీ అన్నారు. మగవాళ్ళు చప్పట్లు కొట్టారు. నేను లేచి, "రాష్ట్రం చేతికొచ్చిన అధికారం మా ఆడవాళ్ళ దాకా ఎందుకు రాదండీ?" అని అడిగాను. "అది వేరే విషయమమ్మా" అన్నారు. కాదు, అదే అసలు విషయం!

కేంద్రానికి హద్దులుండాలనడంలో నాకు పేచీ లేదు. 1984 ఆగస్టులో ఎన్.టి.ఆర్. ప్రభుత్వాన్ని గవర్నరు బర్తరఫ్ చేసినప్పుడు రాష్ట్రం అట్టుడికింది. రాష్ట్రం చొరవ తీసుకుంటే మనకి మేలు జరిగిన సందర్భమూ ఉంది. అప్పటికే పెళ్ళయినవాళ్ళని వదిలేసినా, ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకి సమాన వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం చేసింది. దేశమంతటా ఆ హక్కు ఇవ్వడానికి పార్లమెంటుకి 2005 దాకా పట్టింది.

మరి మద్యం సంగతేమిటి? రాజ్యాంగం ఏడో షెడ్యూలులో అది రాష్ట్రాల జాబితాలోని అంశం. దూబగుంట ఆడవాళ్ళు రగిలించిన ఉద్యమంతో 1993 అక్టోబరు 1న సారా పోయింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించిందెవరు? ఢిల్లీ కాదు, మన రాష్ట్ర ప్రభుత్వమే. ఖజానా ఆదాయం లెక్క చూశారు. మన ఇళ్ళ లెక్క ఎవరు చూశారు?

1993లో అమల్లోకి వచ్చిన 73వ సవరణ పంచాయతీల్లో కనీసం మూడోవంతు సీట్లు స్త్రీలకిచ్చింది. పదకొండో షెడ్యూలులో 29 అంశాలు రాసింది. కానీ వాటి మీద అధికారం ఎంత ఇవ్వాలన్నది రాష్ట్ర శాసనసభ ఇష్టానికే వదిలేసింది. మా మునిసిపాలిటీల విషయంలో 74వ సవరణా అంతే. ఢిల్లీ తమ చేతులు కట్టేసిందని వాపోయే నాయకులే సర్పంచి చేతులు కట్టేస్తున్నారు. సీటు మనది, సంతకం మనది, నిర్ణయం మాత్రం వాళ్ళది!

అధికారం ఢిల్లీ నుంచి రాష్ట్ర రాజధాని దాకా వచ్చి ఆగిపోతే అది వికేంద్రీకరణ కాదు, పెత్తందారు మారడమే. ఈసారి రాష్ట్రాల హక్కులంటూ వచ్చేవాళ్ళని మనం రెండు ప్రశ్నలడుగుదాం. మద్యం దుకాణం వద్దని గ్రామసభ తీర్మానిస్తే కట్టుబడతారా? ఆ 29 అంశాలూ నిధులతో సహా అప్పగిస్తారా? జవాబు విన్నాకే ఓటు మాట.