బిల్లు రాసిందెవరు?

పక్కవాడి పేపరు చూసి కాపీ కొడుతూ, హడావుడిలో వాడి హాల్‌టికెట్ నంబరు కూడా దించేసిన కుర్రాడి జోకు మనందరికీ తెలిసిందే. 2011 నవంబరులో అమెరికాలోని ఫ్లోరిడా శాసనసభలో ఇంచుమించు అదే జరిగింది. కంపెనీల మీద పన్ను తగ్గించమని కేంద్ర ప్రభుత్వాన్ని కోరుతూ ఓ సభ్యురాలు తీర్మానం పెట్టారు. అందులో ‘ఫలానా సంస్థ ఆశయం ఇదీ’ అంటూ ఓ వాక్యం, సంస్థ పేరుతో సహా ఉండిపోయింది. ఎవరో రాసిచ్చిన కాగితాన్ని ఉన్నదున్నట్టు దించేశారన్నమాట! తర్వాత ఆమె దాన్ని వెనక్కి తీసుకుని, ఆ వాక్యం కొట్టేసి మళ్లీ పెట్టారు.

ఆ సంస్థ పేరు అమెరికన్ లెజిస్లేటివ్ ఎక్స్ఛేంజ్ కౌన్సిల్. పొట్టిగా ‘అలెక్’. 1973లో పుట్టింది. రాష్ట్రాల శాసనసభ్యులూ పెద్ద కంపెనీల ప్రతినిధులూ ఇక్కడ ఒకే బల్ల చుట్టూ కూర్చుని నమూనా బిల్లులు తయారుచేస్తారు. సభ్యులు వాటిని పట్టుకెళ్లి, తమ రాష్ట్రం పేరు నింపి, సభలో ప్రవేశపెడతారు. ఆ రోజుల్లో శాసనసభ్యుడి చందా ఏడాదికి 50 డాలర్లు. కంపెనీ చందా 7 వేల నుంచి 25 వేల డాలర్లు. ఖర్చెవరు పెట్టుకునేవారో వేరే చెప్పాలా?

ఇందులో చట్టవిరుద్ధమేమీ లేదు. వ్యాపారం తెలిసినవాళ్ల సలహా తీసుకుంటే తప్పేమిటన్నది సంస్థ వాదన. సరే, తీసుకోవచ్చు. కానీ ఆ సలహా ఎవరిదో ఓటేసినవాడికి తెలియొద్దా? 2011 జులైలో సెంటర్ ఫర్ మీడియా అండ్ డెమోక్రసీ అనే సంస్థ, తన చేతికందిన 800కు పైగా నమూనా బిల్లుల్ని జనం ముందు పెట్టింది. కార్మిక సంఘాలు, బడులు, ఓటుహక్కు, తుపాకులు... అన్నిటికీ అందులో బిల్లులున్నాయి.

జనం కదిలారు. ఆ ఆగస్టులో న్యూ ఆర్లియన్స్‌లో, నవంబరు నెలాఖరున అరిజోనాలోని స్కాట్స్‌డేల్‌లో, అలెక్ సమావేశాలు జరిగిన హోటళ్ల బయట అట్టలు పట్టుకుని నిలబడ్డారు. స్కాట్స్‌డేల్‌లో పోలీసులు పెప్పర్ స్ప్రే ప్రయోగించారు. 2012 ఫిబ్రవరి 29న చాలా నగరాల్లో నిరసనలు జరిగాయి.

సరిగ్గా అంతకు మూడు రోజుల ముందు, ఫ్లోరిడాలో ట్రేవాన్ మార్టిన్ అనే 17 ఏళ్ల నల్లజాతి కుర్రాడు దుకాణంలో మిఠాయి పొట్లం కొనుక్కుని వస్తూ, కాలనీకి కాపలా కాసే వలంటీరు తుపాకీకి బలైపోయాడు. కుర్రాడి దగ్గర ఆయుధం లేదు. అయినా కాల్చినవాణ్ని ఆరు వారాలపాటు అరెస్టు చేయలేదు. ప్రాణభయం ఉంటే వెనక్కి తగ్గనక్కర్లేదు, కాల్చవచ్చనే 2005 నాటి చట్టాన్ని పోలీసులు చూపించారు. 2013లో జ్యూరీ అతన్ని నిర్దోషి అంది. ఫ్లోరిడా చట్టాన్నే అలెక్ అదే 2005లో నమూనాగా తీసుకుంది. అలాంటివి ఇరవైకి పైగా రాష్ట్రాలకు పాకాయి.

ఓటర్ల గుర్తింపు కార్డుల చట్టాల విషయంలో కంపెనీలను అప్పటికే నిలదీస్తున్న కలర్ ఆఫ్ చేంజ్ అనే సంస్థకు ఇప్పుడు జనం గొంతు తోడైంది. మేం కొనే సరుకు డబ్బు ఇలాంటి చట్టాలకా పోయేదని అడిగారు. కోకాకోలా తప్పుకుంది. క్రాఫ్ట్, మెక్‌డొనాల్డ్స్ కూడా అదే దారి పట్టాయి. ఏప్రిల్ 17న అలెక్, ఆ బిల్లులు చూసే విభాగాన్ని ఎత్తేస్తున్నట్టు ప్రకటించింది.

సంతోషించాల్సిన సంగతే. కాస్త ఆలోచించాల్సిందీ ఉంది. ఓటరు అడిగితే కదలనిది, కూల్‌డ్రింకు కొనేవాడు అడిగితే కదిలింది! ఓటుకన్నా సీసాకు పలుకుబడి ఎక్కువన్నమాట.

కథ అక్కడితో అయిపోలేదు. అలెక్ ఇప్పటికీ ఉంది. ఎనిమిదేళ్లలో 10 వేలకు పైగా బిల్లులు ఎవరో రాసిచ్చిన నమూనాల నుంచి దించినవేనని 2019లో యూఎస్ఏ టుడే, మరో రెండు సంస్థలు కలిసి తేల్చాయి. ఒక్క అలెక్‌వే కాదు, రకరకాల వర్గాలవి. వాటిలో 2,100కు పైగా చట్టాలయ్యాయి.

కాపీ కొట్టి దొరికిపోతే కుర్రాడు పరీక్ష తప్పుతాడు. కాపీ బిల్లు చట్టమైతే ఆ పరీక్ష రాయాల్సింది జనమే. అందుకే బిల్లులో ఏముందన్నదాంతో పాటు, రాసిందెవరని కూడా అడగాలి.