అరువు మందులు

మైగ్రేన్ ఉన్న ఇద్దరు ఆడవాళ్లు పెళ్లి భోజనాల దగ్గర కలిస్తే, పిల్లల చదువుల కబుర్లు అయ్యాక వచ్చే ప్రశ్న ఒకటే: "నువ్వేం వేసుకుంటున్నావ్ వదినా?" వెంటనే హ్యాండ్‌బ్యాగులోంచి ఒక స్ట్రిప్పు బయటికొస్తుంది. దానికి ఫోన్‌లో ఒక ఫొటో. సాయంత్రానికల్లా అదే మందు వీధి చివరి మెడికల్ షాపులో చీటీ అడక్కుండానే చేతికొస్తుంది. డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదని స్ట్రిప్పు మీద అచ్చువేసిన హెచ్చరికను కొన్నవాళ్లూ చదవరు, అమ్మినవాళ్లూ చదవరు. ఆ బిళ్ల వదినకు బాగా పడిందన్నది నిజమే కావచ్చు. కానీ వదినకు ఉబ్బసం లేదు, ఈవిడకు ఉంది. వదినకు పిల్లలు పెద్దవాళ్లయ్యారు, ఈవిడకు ఇంకా పుట్టాల్సి ఉంది.

"ఏ మందు మంచిది?" అని అడిగితే మైగ్రేన్ విషయంలో జవాబు దొరకదు. నొప్పి రాకుండా రోజూ వేసుకునే మందులనే తీసుకోండి. పాతవాటిలో ఏదైనా సరే, సుమారుగా సగం మందికి నొప్పి రోజులను సగానికి తగ్గిస్తుంది. మిగతా సగం మందికి అంత గుణం కనిపించదు. బలంలో వాటి మధ్య పెద్ద తేడా లేదు. తేడా అంతా అవి పెట్టే ఇబ్బందుల్లో ఉంది. మందు ఎంచుకోవడమంటే, ఏ ఇబ్బందిని మన బతుకు మోయగలదో ఎంచుకోవడం. మన బతుకు సంగతి ఒక్క ముక్క కూడా అడగకుండా డాక్టరుగారు అది ఎలా ఎంచుతారో నాకెప్పుడూ అంతుబట్టదు.

ఈ పాత మందుల్లో ఒక్కటీ మైగ్రేన్ కోసం పుట్టలేదు. ప్రొప్రనొలాల్ గుండె మందు. దాన్ని కనిపెట్టిన జేమ్స్ బ్లాక్‌కు 1988లో నోబెల్ బహుమతి వచ్చింది. 1960ల్లో గుండెనొప్పికి దాన్ని వాడుతుంటే మైగ్రేన్ కూడా తగ్గిందని గమనించారు, అంతే. ఎమిట్రిప్టిలిన్ దిగులు జబ్బుకు వచ్చింది. వాల్‌ప్రొయేట్, టోపిరమేట్ మూర్ఛకు. అమెరికాలో మైగ్రేన్‌కు వాడవచ్చని మొదటిదానికి 1996లో, రెండోదానికి 2004లో అనుమతి ఇచ్చారు. పక్కింటి నుంచి గిన్నె అరువు తెచ్చుకుంటే ఆ ఇంటి పోపు వాసన కూడా వెంటవస్తుంది. వీటి సైడ్ ఎఫెక్టులూ అలాగే, ఆయా జబ్బుల ఇళ్ల నుంచి వచ్చినవి.

ఈ అరువు వల్ల మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. అమ్మాయి చీటీలో మందు పేరు చూసి నాన్న గూగుల్ చేస్తాడు. "ఫిట్స్ మందు" అని కనిపిస్తుంది. లేదా "డిప్రెషన్ మందు" అని. పెళ్లి సంబంధాలు చూస్తున్న ఇల్లైతే ఇక చెప్పక్కర్లేదు, స్ట్రిప్పు బీరువాలో బట్టల కిందికి పోతుంది. డాక్టరు రాసిన 10 మిల్లీగ్రాముల ఎమిట్రిప్టిలిన్ దిగులు జబ్బుకు ఇచ్చే మోతాదు కంటే చాలా తక్కువని, ఇక్కడ దాని పని నొప్పి దారిని అణచడమని ఎవరూ చెప్పి ఉండరు. నివారణ మందు పనిచేస్తోందో లేదో తేలడానికి రెండు మూడు నెలలు పడుతుంది. వారానికే మానేస్తే సైడ్ ఎఫెక్టు మాత్రం చూసినట్టు, గుణం చూడనట్టు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత చెప్పి చేతులు దులుపుకునేవాళ్లలో చాలామంది ఈ వారం రోజుల వాళ్లే.

ప్రొప్రనొలాల్ చవక. బీపీ కూడా ఉన్నవాళ్లకు స్వామికార్యం, స్వకార్యం రెండూ తీరతాయి. నాడి నెమ్మదిస్తుంది, చేతులు చల్లబడతాయి, కొందరికి ఒళ్లంతా నీరసం. ఉబ్బసం ఉంటే మాత్రం ఊపిరి గొట్టాలను బిగిస్తుంది, ఆ జబ్బు ఉన్నవాళ్లు దీని దగ్గరికే పోకూడదు. మృగశిర కార్తెకు ఉబ్బసానికిచ్చే చేప మందు కోసం నాంపల్లిలో బారులు తీరేవాళ్లలో మైగ్రేన్ ఉన్నవాళ్లు కూడా ఉంటారుగా. వాళ్లలో ఎందరికి ఈ సంగతి తెలుసు? ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు షుగర్ పడిపోతున్నప్పుడు గుండెదడ, వణుకు ముందుగా హెచ్చరిస్తాయి. ఈ బిళ్ల ఆ హెచ్చరికను కప్పేస్తుంది.

ఇక మన డాక్టర్లకు ఇష్టమైనది ఫ్లూనరిజిన్. అమెరికాలో దీన్ని అమ్మరు. అందుకే డల్లాస్‌లో కొడుకు దగ్గరికి వెళ్లి స్ట్రిప్పు అయిపోయిన అమ్మకు అక్కడ ఇంకో స్ట్రిప్పు దొరకదు. రాత్రి ఒక బిళ్ల వేసుకుంటే నిద్ర ముంచుకొస్తుంది, ఆకలి పెరుగుతుంది, ఆ వెనకే బరువూ పెరుగుతుంది. ఇవి పైకి కనిపించేవి. కనిపించనిది దిగులు. ఒకసారి డిప్రెషన్ వచ్చినవాళ్లకు ఇది ఇవ్వకూడదు. పెద్ద వయసువాళ్లలో చెయ్యి వణకడం, నడక బిగుసుకుపోవడం లాంటి పార్కిన్సన్ లక్షణాలు కూడా తెస్తుంది. ఏళ్ల తరబడి ఆపకుండా మింగే మందు కాదిది, కొన్ని నెలలకు ఆపి చూడాలి. మన ఇళ్లలో మాత్రం ఎప్పటిదో పాత చీటీతోనే నెలనెలా వస్తూ ఉంటుంది. "అత్తయ్యకు వయసు మీద పడింది, చెయ్యి వణుకుతోంది" అనుకుంటారు తప్ప, రాత్రి వేసుకునే బిళ్ల వైపు ఎవరూ చూడరు. పైగా ప్రొప్రనొలాల్, ఫ్లూనరిజిన్ రెండూ కలిపిన క్యాప్సూలు మన మార్కెట్లో ఉంది. నీరసం ఏ సగం వల్ల వచ్చిందో చెప్పలేం, ఒక సగాన్ని తగ్గించనూ లేం. అమ్మడానికి సులువైన మందు అది. వాడేవాళ్ల సులువు ఆలోచించి చేసింది కాదని నా అభిప్రాయం.

బరువు పెరగడానికి భయపడేవాళ్లకు టోపిరమేట్ వరంలా కనిపిస్తుంది, ఎందుకంటే దీంతో ఆకలి, బరువు తగ్గుతాయి. మొదటి వారాల్లో వేళ్ల చివర్లు తిమ్మిరెక్కుతాయి. గోళీసోడా చప్పగా తగులుతుంది. కూల్‌డ్రింకు పాడైపోయిందని షాపువాడితో గొడవ పడేవాళ్లూ ఉంటారు. నాలుక మీద గ్యాసు చురుకును పట్టే ఎంజైమును ఈ మందు అణచడమే దానికి కారణం. అది నవ్వుకోవడానికి. ఆ ఎంజైమునే అణచడం వల్ల కిడ్నీలో రాళ్లు ఏర్పడే అవకాశం పెరుగుతుందన్నది నవ్వుకోవడానికి కాదు. ఒంటికి చెమట పట్టడం కూడా తగ్గుతుంది. లండన్‌లోనో బోస్టన్‌లోనో ఉండేవాళ్లకు అది చిన్న మాట. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో ఎండలో పనిచేసే మనిషికి చెమట పట్టకపోతే వడదెబ్బే. "మీ పని ఎండలోనా, నీడలోనా?" అని అడిగి ఈ మందు రాసే డాక్టరుకు నేను రెండు చేతులూ జోడిస్తాను.

దీని అసలు దెబ్బ మాట మీద. తెలిసిన పదమే నోటి దాకా వచ్చి ఆగిపోతుంది, లెక్క తప్పుతుంది, చదివింది నిలవదు. అందరికీ కాదు, మోతాదు తగ్గిస్తే తగ్గుతుంది, మానేస్తే పోతుంది. అయినా పాఠం చెప్పే టీచరుకు, కోర్టులో వాదించే వకీలుకు, ఈఏపీసెట్‌కు కూర్చునే పిల్లకు అది తలనొప్పి కంటే తక్కువ కష్టం కాదు. పాపం ఆ పిల్ల తనకే తెలివి తగ్గిందనుకుంటుంది. మందు మొదలుపెట్టిన కొత్తలో కన్ను నొప్పి పుట్టి చూపు మసకబారితే మాత్రం ఆగకూడదు. కంటిలో ఒత్తిడి ఒక్కసారిగా పెరిగి ఉండొచ్చు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

వాల్‌ప్రొయేట్ దగ్గరికొస్తే నాకు కోపమే వస్తుంది. జుట్టు రాలుతుంది, చేతులు వణుకుతాయి, బరువు పెరుగుతుంది. అవన్నీ సరే. గర్భంలో ఉన్న బిడ్డకు ఇది చేసే హాని అన్నిటికంటే ఘోరం. ఈ మందు వాడుతున్న తల్లులకు పుట్టే బిడ్డల్లో దాదాపు పదిమందిలో ఒకరికి వెన్ను, గుండె, పెదవి లాంటి అవయవాల్లో లోపాలు. 30 నుంచి 40 శాతం మందికి మాట, చదువు, నడవడికల్లో వెనకబాటు. గర్భం వచ్చిందని తెలిసే నాటికే వెన్నెముక ఏర్పడే దశ చాలావరకు దాటిపోయి ఉంటుంది. మైగ్రేన్ మగవాళ్ల కంటే ఆడవాళ్లకు మూడు రెట్లు ఎక్కువ, అదీ పిల్లల్ని కనే వయసులోనే ఎక్కువ. ఆ వయసు అమ్మాయికి, వేరే మందులు ఇన్ని ఉండగా, తలనొప్పి కోసం ఇది రాయడాన్ని నేను సమర్థించలేను. టోపిరమేట్ కూడా ఈ విషయంలో నిర్దోషి కాదు. పెదవి చీలికతో పిల్లలు పుట్టే ముప్పు పెరుగుతుందని ముందే తెలుసు. 2024లో బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ ఆ మందు వాడే ఆడవాళ్లకు గర్భనిరోధక జాగ్రత్తలను తప్పనిసరి చేసింది. మన దగ్గర పెళ్లికాని అమ్మాయిని గర్భం సంగతి అడగడం మొహమాటం. ఆ మొహమాటం డాక్టరు గదిలో కూడా ఉంటే బిడ్డ మూల్యం చెల్లిస్తుంది.

నొప్పి వచ్చాక వేసుకునే మందుల కథ వేరు. మామూలు నొప్పికి పారాసెటమాల్, నాప్రోక్సెన్ చాలు. రెండోది ఖాళీ కడుపుతో మింగితే పుండు పడొచ్చు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు పనికిరాదు. మన ఊళ్లలో పేరుమోసిన వాసోగ్రెయిన్‌లో ఎర్గోటమిన్ ఉంటుంది. రై అనే ధాన్యానికి పట్టే బూజు నుంచి 1918లో వేరుచేసిన పదార్థమది, రక్తనాళాలను బిగించేస్తుంది. గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు ముట్టుకోకూడదు. గొంతు నొప్పికి రాసే ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్‌లతో కలిస్తే కాళ్లూ చేతులకు రక్తం ఆడక ప్రమాదం ముంచుకొస్తుంది. 1990ల మొదట్లో వచ్చిన సుమాట్రిప్టాన్, ఆ తర్వాతి రిజాట్రిప్టాన్ మైగ్రేన్ కోసమే తయారైనవి, మెరుగైనవి. వీటిని వేసుకున్నాక ఛాతీ, మెడ బిగబట్టినట్టు అనిపిస్తే చాలామంది గుండెపోటని హడలిపోతారు. ఎక్కువసార్లు అది మందు గుణమే. కానీ నిజంగా గుండె జబ్బో, పక్షవాతమో ఉన్నవాళ్లకు, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లకు ఇవి పనికిరావు. ఎర్గోటమిన్ వేసుకున్న 24 గంటల్లోపు వీటిని వేసుకోకూడదు. ప్రొప్రనొలాల్ వాడుతున్నవాళ్ల ఒంట్లో రిజాట్రిప్టాన్ మోతాదు పెరిగిపోతుంది కాబట్టి 10 మిల్లీగ్రాముల బదులు 5 ఇస్తారు. వదిన స్ట్రిప్పు మీద 10 అనే ఉంటుంది.

అన్నిటికీ ఉన్న ఉమ్మడి గండం ఒకటుంది. ట్రిప్టాన్లు, ఎర్గోటమిన్, రెండు మూడు మందులు కలిపిన బిళ్లలు నెలకు 10 రోజులు, మామూలు నొప్పి బిళ్లలు 15 రోజులు, లేదా అంతకంటే ఎక్కువగా, మూడు నెలలకు మించి వాడితే, మందే తలనొప్పిని పుట్టిస్తుంది. నొప్పి అని బిళ్ల, బిళ్ల వల్ల నొప్పి. నెలనెలా డబ్బా ఖాళీ చేసేవాళ్లు గోడ మీది క్యాలెండర్‌లో తిథుల పక్కన బిళ్ల వేసుకున్న రోజుకొక సున్నా చుట్టుకుంటే నెలాఖరుకు లెక్క వాళ్లకే తెలుస్తుంది.

నొప్పి రాకుండా ఆపడానికి అరువు తేని మందులు ఈమధ్యే వచ్చాయి. సీజీఆర్‌పీ అనే పదార్థం మైగ్రేన్‌లో చేసే పనిని బయటపెట్టిన నలుగురు శాస్త్రవేత్తలకు 2021లో బ్రెయిన్ ప్రైజ్ ఇచ్చారు. సీజీఆర్‌పీని అడ్డుకునే ఎరెన్యుమాబ్ ఇంజెక్షన్‌కు 2018లో అమెరికా అనుమతి ఇచ్చింది. జర్మనీలో 777 మందితో దీన్నీ టోపిరమేట్‌నూ పోల్చి చూశారు. సైడ్ ఎఫెక్టులు భరించలేక మందు మానేసినవాళ్లు టోపిరమేట్ వైపు దాదాపు 39 శాతం, ఇంజెక్షన్ వైపు 11 శాతం లోపే. ఆ అధ్యయనానికి డబ్బు పెట్టింది ఇంజెక్షన్ తయారుచేసే నోవార్టిసే అన్నది పక్కన రాసుకుని చదవండి. అయినా తేడా చిన్నది కాదు. కొత్తదానికీ మలబద్ధకం ఉంది, బీపీ పెరగడం ఉంది. అంతకంటే పెద్ద అడ్డంకి ధర: నెలకొక ఇంజెక్షన్, ఒక్కోటి వేల రూపాయలు. మనలో ఎక్కువమందికి ఇంకొన్నేళ్లు ఆ అరువు మందులే గతి.

కాబట్టి డాక్టర్లకు ఒక మనవి. చీటీ రాసే ముందు ఉబ్బసం ఉందా, దిగులుగా ఉంటోందా, ఏం పని చేస్తారు, పిల్లల కోసం చూస్తున్నారా అని అడగండి. రెండు నిమిషాలు పట్టదు. "ఇది ఫిట్స్‌కూ ఇచ్చే మందే, మీకు ఇస్తున్నది తలనొప్పికి" అని మీ నోటితో మీరే చెప్పండి, గూగుల్ చెప్పేదాకా ఆగొద్దు. పాఠకులకు ఇంకొకటి: ఈ శీర్షిక చదివి రాత్రికి రాత్రి ఏ బిళ్లా మానేయకండి. ప్రొప్రనొలాల్ హఠాత్తుగా ఆపితే గుండె మీద పడుతుంది, మిగతావాటినీ కొద్దికొద్దిగానే తగ్గించాలి. డబ్బాలో ఉన్న స్ట్రిప్పులన్నీ, వదిన ఇచ్చిన వాటితో సహా, ఒక కవర్లో వేసుకుని ఈసారి డాక్టరు దగ్గరికి పట్టుకెళ్లండి.