మంచు కాలంలో చదవాల్సిన గోల్ఫ్ పుస్తకాలు

ఇల్లినాయిలో నవంబరు 1 నుంచి మార్చి 31 దాకా ఆడిన స్కోరు హ్యాండికాప్ లెక్కలోకి రాదు. మిషిగన్, మిన్నెసోటాల్లోనూ అంతే. లెక్కలోకి రాకపోతే రాకపోయె, అసలు ఆడటానికి గ్రీన్ కనిపించాలి కదా! మన హైదరాబాదులో దీనికి పూర్తిగా ఉల్టా. గోల్కొండ పక్కనున్న కోర్సులో హాయిగా ఆడుకునేది డిసెంబరు, జనవరిల్లోనే. మే నెల మధ్యాహ్నం ఆడమనండి చూద్దాం. కాబట్టి ఇదంతా చలిదేశంలో చిక్కుకుపోయి, గరాజ్‌లో ఉన్న గోల్ఫ్ బ్యాగు వంక చూసి నిట్టూర్చే మనవాళ్ళ కోసం అన్నమాట.

ఈ ఐదు నెలల్లో మన జనాలు చేసే మొదటి పని స్వింగ్ నేర్పే పుస్తకం కొనడం. సర్టిఫికేషన్‌కి గైడు కొన్నట్టే. అందరూ చెప్పేది ఒకటే పేరు: బెన్ హోగన్ 1957లో రాసిన 'ఫైవ్ లెసన్స్'. గొప్ప పుస్తకమే, ఆంథొనీ రవియెల్లి వేసిన బొమ్మల కోసమైనా చూడాలి. కానీ చలికాలంలో చదవొద్దంటాను. కొట్టిన బంతి ఎటు పోయిందో కనపడకుండా స్వింగ్ మార్చుకోవడమంటే, ఐదు నెలలు కంపైల్ చెయ్యకుండా కోడ్ రాసుకుంటూ పోవడమే. ఏప్రిల్లో వచ్చే ఎర్రర్లు మీరే ఊహించుకోండి. పైగా హోగన్‌ని జీవితమంతా వేధించింది హుక్. ఆయన చెప్పిన గ్రిప్ ఆ హుక్‌ని ఆపడానికి కుదుర్చుకున్నది. కొత్తగా నేర్చుకునే మనలో ఎక్కువమందికి ఉండేది స్లైస్. ఒకరి జబ్బుకి రాసిన మందు ఇంకొకరు మింగితే ఎలా?

ఈ సంగతి బాగా తెలిసినవాడు హార్వీ పెనిక్. ఎనిమిదేళ్ళకే ఆస్టిన్ కంట్రీ క్లబ్బులో క్యాడీగా చేరి, అక్కడే కోచ్ అయ్యాడు. టామ్ కైట్, బెన్ క్రెన్‌షా ఇద్దరూ ఆయన శిష్యులే అయినా, ఒకడి పాఠం ఇంకొకణ్ణి చూడనిచ్చేవాడు కాదు. దశాబ్దాల పాటు ఎర్ర నోటుబుక్కులో రాసుకున్న మాటలే 1992లో 'లిటిల్ రెడ్ బుక్'గా వచ్చాయి. ఒక్కోటి పేజీయో అరపేజీయో, పడుకునే ముందు రెండు చదువుకోవచ్చు. ఆయన 1995 ఏప్రిల్ 2న పోయారు. క్రెన్‌షా వెళ్ళి పాడె మోసి వచ్చి, ఆ ఆదివారం, అంటే 9వ తేదీన మాస్టర్స్ గెలిచాడు, 43 ఏళ్ళ వయసులో. సినిమాలో పెడితే మరీ అతిగా ఉందంటాం :)

మన ఇంజినీరు బుర్రలకి సరిగ్గా సరిపోయేది మార్క్ బ్రాడీ 'ఎవ్రీ షాట్ కౌంట్స్' (2014). ఈయన కొలంబియా బిజినెస్ స్కూల్లో ప్రొఫెసర్. పీజీఏ టూర్ లేజర్లతో కొలిచి పోగేసిన షాట్ల డేటా మొత్తం తీసుకుని, ప్రతి షాటూ సగటు ఆటగాడి కంటే ఎంత లాభమో, ఎంత నష్టమో లెక్కగట్టాడు. దూరం కొట్టడం చూపులకే, డబ్బు తెచ్చేది పటింగ్ అని తరతరాలుగా చెప్పుకునే మాట ఈ లెక్కల ముందు నిలబడలేదు. అగ్రశ్రేణి ఆటగాళ్ళ ఆధిక్యంలో పటింగ్ వాటా 15 శాతం లోపో పైనో, గ్రీన్ మీదకి కొట్టే అప్రోచ్ షాట్లది దాదాపు 40. ఇంకో అంకె గుర్తుపెట్టుకోండి: ఎనిమిది అడుగుల పట్‌ని టూర్ ఆటగాళ్ళు సగం సార్లే వేస్తారు. అది తప్పిందని మనం క్లబ్ నేలకేసి కొట్టడం ఎందుకు చెప్పండి! మధ్యలో పట్టికలు విసుగనిపిస్తే దాటెయ్యండి, ఏం పోదు.

ఇక అసలు విషయానికొస్తా. మనలో చాలామంది గోల్ఫ్ మొదలుపెట్టేది డైరెక్టరు ఆడతాడని, క్లయింటు పిలిచాడని. క్లబ్‌హౌస్‌లో అడుగుపెట్టగానే ఇది పెద్దోళ్ళ ఆట, మనం చుట్టపుచూపుగా వచ్చామన్న బెరుకు. ఆ బెరుకు పోవాలంటే మార్క్ ఫ్రాస్ట్ పుస్తకాలు రెండూ వరసగా చదవాలి. మొదటిది 'ది గ్రేటెస్ట్ గేమ్ ఎవర్ ప్లేడ్' (2002). 1913 యూఎస్ ఓపెన్. బ్రూక్‌లైన్ కోర్సుకి ఎదురింటి కుర్రాడు, అక్కడే క్యాడీగా బ్యాగులు మోసిన ఫ్రాన్సిస్ విమెట్‌కి అప్పుడు 20 ఏళ్ళు. ప్లేఆఫ్‌లో అతను 72 కొడితే ఇంగ్లండు నుంచి వచ్చిన మహామహులు హ్యారీ వార్డన్ 77, టెడ్ రే 78. విమెట్ బ్యాగు మోసింది పదేళ్ళ ఎడ్డీ లోవరీ.

రెండోది 'ది మ్యాచ్' (2007). ఇందులో ఆ ఎడ్డీయే 1956 నాటికి కాలిఫోర్నియాలో కార్ల వ్యాపారంలో కోటీశ్వరుడు. తన దగ్గర పనిచేసే ఇద్దరు అమెచ్యూర్లు కెన్ వెంచూరీ, హార్వీ వార్డ్‌లని ఎవరూ ఓడించలేరని పందెం కాశాడు. అవతలివాళ్ళు తెచ్చింది హోగన్‌నీ, బైరన్ నెల్సన్‌నీ. సైప్రస్ పాయింట్‌లో నలుగురూ కలిసి 27 బర్డీలు, ఒక ఈగిల్ కొట్టారు. హోగన్ జట్టు ఒక్క హోల్ తేడాతో గట్టెక్కింది. ఆ హోగన్, నెల్సన్ కూడా చిన్నప్పుడు ఫోర్ట్‌వర్త్‌లో ఒకే క్లబ్బులో క్యాడీలు! బ్యాగులు మోసినవాళ్ళు కట్టిన ఆట ఇది, డైరెక్టరుగారి సొత్తేమీ కాదు.

మన దేశంలోనూ ఇదే కథ. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన అలీ షేర్ ఢిల్లీలో క్యాడీగా మొదలైనవాడు. 2008లో ఇండియన్ మాస్టర్స్ గెలిచిన చౌరాసియా, రాయల్ కలకత్తా క్లబ్బు గ్రీన్‌కీపర్ కొడుకు. వీళ్ళ మీద ఫ్రాస్ట్ స్థాయిలో ఎవరైనా రాస్తే మొదటి కాపీ నేనే కొంటా.

చలి బాగా ముదిరాక కెవిన్ కుక్ రాసిన 'టామీస్ ఆనర్' (2007). నేతగాడి కొడుకు ఓల్డ్ టామ్ మోరిస్, అతని కొడుకు యంగ్ టామ్. కొడుకు వరసగా నాలుగు ఓపెన్లు గెలిచాడు (1868 నుంచి 1872 లోపు, 1871లో పోటీ జరగలేదు). 1875 సెప్టెంబరులో భార్యా, బిడ్డా కాన్పులో పోయారు. ఆ చలికాలంలోనే సెయింట్ ఆండ్రూస్‌లో మంచు పడుతున్నా ఆపకుండా రోజుల తరబడి ఒక పందెం ఆట ఆడి గెలిచాడు. క్రిస్మస్ రోజున కన్నుమూశాడు, 24 ఏళ్ళకి. ఆఫీసుకి వెళ్ళే రైల్లో చదవకండి, ఇబ్బంది పడతారు.

తర్వాత మూడ్ మారాలంటే ఉడ్‌హౌస్ ఉన్నాడుగా, 'ది క్లికింగ్ ఆఫ్ కత్‌బర్ట్' (1922). గోల్ఫ్ తెలియకపోయినా నవ్వొస్తుంది, తెలిస్తే ఇంకా ఎక్కువ. మైఖేల్ మర్ఫీ 'గోల్ఫ్ ఇన్ ది కింగ్‌డమ్' (1972) మాత్రం అందరికీ పడదు. కథ చెప్పేవాడు 1956లో ఇండియాకి వస్తూ దారిలో స్కాట్లండులో ఆగి, ఒక వింత గురువు చేతిలో పడతాడు. మర్ఫీ నిజంగానే పాండిచ్చేరి అరవిందాశ్రమంలో ఏడాదికి పైగా ఉన్నవాడు. మొదటి సగం అద్భుతం, రెండో సగంలో వేదాంతం మోతాదు మించింది. మన వేదాంతాన్నే మళ్ళీ మనకి దిగుమతి చేసినట్టుంటుంది.

ఇవన్నీ అమెరికాలో మామూలు పబ్లిక్ లైబ్రరీల్లో దొరికే రకమే, కొననక్కర్లేదు. ఒక్కటే చదువుతానంటే ఫ్రాస్ట్ 2002 పుస్తకం పట్టుకోండి. హోగన్‌ని మాత్రం ప్రాక్టీస్ రేంజ్ తెరిచేదాకా అలమరలోనే ఉండనివ్వండి.