సంతకం ఒకరిది, చెయ్యి మరొకరిది

పార్లమెంటులో విద్యుత్తు మీద చర్చ వచ్చినప్పుడల్లా సభ్యుల దృష్టి మెగావాట్ల మీదనే నిలుస్తుంది. ఎన్ని థర్మల్ కేంద్రాలు పూర్తయ్యాయి, బొగ్గు నిల్వలు ఎన్ని రోజులకు సరిపోతాయి, ఏ రాష్ట్రం ఎంత బకాయి పడింది, ఏ పల్లెకు తీగ ఇంకా చేరలేదు? ప్రశ్నలన్నీ ఈ నాలుగింటి చుట్టూనే తిరుగుతుంటాయి. ఆ విద్యుత్తు గుమ్మం దాటి ఇంటిలోకి వచ్చిన తరువాత గోడలో తీగ పరచేది ఎవరు, ఆ మనిషికి ఆ పని వచ్చునా రాదా అని సభ పట్టుబట్టి అడిగిన సందర్భం, ప్రెస్ గ్యాలరీలో ఏళ్ల తరబడి కూర్చున్న నాకు జ్ఞాపకం రావడం లేదు. ఒకవేళ ఎవరైనా అడిగినా మంత్రిత్వశాఖ వద్ద జవాబు సిద్ధంగానే ఉంటుంది: విద్యుత్తు ఉమ్మడి జాబితాలోని అంశం, పంపిణీ రాష్ట్రాల బాధ్యత. రాజ్యాంగం ఏడవ షెడ్యూలు, ఉమ్మడి జాబితా, 38వ పద్దు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందన్న సామెత మన పల్లెల్లో ఊరికే పుట్టలేదు.

ఇది చిన్న విషయం కాదు. జాతీయ నేర రికార్డుల బ్యూరో ప్రకటించే లెక్కల ప్రకారం, విద్యుదాఘాతం వల్ల మరణించేవారి సంఖ్య ఇటీవలి సంవత్సరాలలో ఏటా పదివేలు దాటుతున్నది. వీరిలో మోటారు వద్ద ప్రాణం పోగొట్టుకున్న రైతులున్నారు, స్తంభం మీద కూలిపోయిన లైన్‌మన్‌లున్నారు, వర్షంలో తెగిపడిన తీగ తొక్కిన బాటసారులున్నారు. స్విచ్ వేయబోయి ఇంట్లోనే పోయినవారూ ఉన్నారు. షార్ట్ సర్క్యూట్ వల్ల అంటుకున్న మంటలలో పోయినవారు ఈ లెక్కలోకి రారు. వారిది అగ్నిప్రమాదాల పద్దు. 2019 డిసెంబరు 8న ఢిల్లీ అనాజ్ మండీలోని ఒక భవనంలో 43 మంది పోయారు. 2025 మే 18న హైదరాబాదులో చార్మినార్‌కు కూతవేటు దూరంలో, గుల్జార్ హౌజ్ వద్ద ఒకే ఇంటిలో 17 మంది పోయారు. రెండుచోట్లా అధికారులు తొలుత చెప్పిన కారణం ఒక్కటే: షార్ట్ సర్క్యూట్ అయి ఉండవచ్చునని. ఆ మాట అనడంతో విచారణ ముగిసినట్లు మనం భావిస్తాము. నిజానికి విచారణ అక్కడే మొదలు కావాలి. ఆ వైరింగ్ చేసింది ఎవరు? చేయించింది ఎవరు? బాగున్నదని సంతకం పెట్టింది ఎవరు?

చట్టం ఈ విషయంలో మొదటినుంచీ స్పష్టంగానే ఉన్నది. 1910 నాటి భారత విద్యుత్ చట్టం కింద 1956లో రూపొందిన నిబంధనలలో 45వది చూడండి. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్ వంటివి మార్చడం మినహాయిస్తే, మరే వైరింగ్ పనినైనా రాష్ట్ర ప్రభుత్వం లైసెన్సు ఇచ్చిన కాంట్రాక్టరే చేపట్టాలి. యోగ్యతా పత్రం గల సూపర్‌వైజర్ దగ్గరుండి చూడాలి. పర్మిట్ ఉన్న వైర్‌మన్ చేతితో పని జరగాలి. అంటే లైసెన్సు, పర్యవేక్షణ, పనితనం అని మూడు అంచెలు. దీనికి పైన నాలుగవ అంచె కూడా ఉండేది. కొత్త కనెక్షను ఇచ్చే ముందు సరఫరా సంస్థ స్వయంగా వెళ్లి వినియోగదారుని వైరింగ్‌ను తనిఖీ చేసి పరీక్షించాలని 47వ నిబంధన ఆదేశించింది.

2003లో కొత్త విద్యుత్ చట్టం వచ్చింది. దాని కింద కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో భద్రతా నియమాలు జారీ చేసింది. మొదటి మూడు అంచెలూ అలాగే ఉన్నాయి. నాలుగవదాని దగ్గరనే మాట మారింది. సరఫరా సంస్థ తాను పరీక్షించవచ్చు, లేదా లైసెన్సు గల కాంట్రాక్టరు సంతకం చేసిన పరీక్షా ఫలితాలను అంగీకరించవచ్చు అని వ్రాశారు. "పరీక్షించాలి" అన్నచోట "లేదా" అనే రెండక్షరాలు వచ్చి చేరాయి. రెండు దారులలో సులువైనది ఉన్నప్పుడు ఏ సంస్థ అయినా ఏ దారి పడుతుందో చెప్పడానికి జ్యోతిషం రానక్కరలేదు. 2023లో ఆ నియమాల స్థానంలో కొత్తవి వచ్చాయి. అయినా కనెక్షను కోరేవాడు కాంట్రాక్టరు సంతకంతో టెస్ట్ రిపోర్టు తెచ్చి ఇవ్వడమే ఆచారంగా స్థిరపడింది.

ఈ మార్పు వెనుక తొందర కూడా ఉన్నది. వాణిజ్యం చేయడం ఏ దేశంలో ఎంత సులభమో ప్రపంచ బ్యాంకు ఏటా పట్టిక వేసే రోజులు పాఠకులకు గుర్తుండే ఉంటాయి. విద్యుత్ కనెక్షను పొందే విషయంలో 2015 నివేదికలో మన స్థానం 137. 2020 నివేదిక నాటికి అది 22కు ఎగబాకింది. ఢిల్లీ సౌధాలలో ఆనందానికి అంతులేదు. కాని ఆ లెక్క కట్టింది ఒక కొత్త గోదాముకు కనెక్షను రావడానికి పట్టే రోజులను బట్టి. అదీ ఢిల్లీ, ముంబయి నగరాలలో మాత్రమే. ఢిల్లీలో లోపలి వైరింగ్‌ను విద్యుత్ ఇన్‌స్పెక్టరు కార్యాలయం తనిఖీ చేసే పద్ధతిని తొలగించడాన్ని బ్యాంకు తన నివేదికలో సంస్కరణగా లెక్కవేసింది. గణాంకాలలో అవకతవకలు బయటపడినందున 2021 సెప్టెంబరులో బ్యాంకు ఆ పట్టికనే ఎత్తివేసింది. పట్టిక పోయింది, తొలగిన తనిఖీ గురించి తలచేవారు లేరు. పైగా 2024లో కేంద్రం వినియోగదారుల హక్కుల నిబంధనలను సవరించి కొత్త కనెక్షనుకు గడువును మహానగరాలలో 3 రోజులకు, ఇతర పురపాలక ప్రాంతాలలో 7 రోజులకు, గ్రామాలలో 15 రోజులకు తగ్గించింది. వినియోగదారునికి ఇది మేలే, కాదనను. అయితే మూడు రోజులలో మీటరు పెట్టవలసిన సిబ్బంది ఇన్సులేషన్ పరీక్షించే మెగ్గర్ పట్టుకొని గదిగదికీ తిరుగుతారని ఆశించగలమా?

ఫలితంగా ఒక కుటుంబ భద్రత అంతా ఒకే ఒక సంతకం మీద ఆధారపడి నిలిచింది. మరి ఆ సంతకం విలువ ఎంత?

వృత్తిలో ఉన్నవారెవరూ దీన్ని రహస్యంగా దాచుకోవడం లేదు. లైసెన్సు ఒకరి పేరున ఉంటుంది. దానికి కావలసిన సూపర్‌వైజర్ యోగ్యతా పత్రం, వేరేచోట ఉద్యోగం చేసుకుంటున్న మరొకరిది, ఏడాదికింతని అద్దెకు వస్తుంది. పని చేసేది మూడవ మనిషి. టెస్ట్ రిపోర్టు ఫారం మీద ఎర్త్ రెసిస్టెన్స్, ఇన్సులేషన్ అంకెలు ఇల్లు చూడకుండానే నిండుతాయి. ఢిల్లీలో నేనుండే వాడలో ఇరవై ఏళ్లుగా ఇళ్లకు వైరింగ్ చేస్తున్న దర్భంగా మనిషి ఒకాయన ఉన్నాడు. పనిలో దిట్ట. పర్మిట్ మాత్రం లేదు. పరీక్షకు వెళ్లరాదా అంటే, అనుభవ పత్రం ఇవ్వవలసింది లైసెన్సు గల కాంట్రాక్టరేననీ, ఆ పత్రం ఇస్తే తన కింద పనిచేసే మనిషి పోతాడని ఆయన ఇవ్వడనీ చెప్పాడు. "సంతకం పెట్టేవాళ్లు వేరు, నిచ్చెన ఎక్కేవాళ్లం వేరు సాబ్" అన్నాడు నవ్వుతూ. షాక్ కొట్టేది నిచ్చెన ఎక్కిన వానికే కదా.

లైసెన్సు విధానమే దండగ అని వాదించేవారు రాజధానిలో తక్కువేమీ లేరు. ఇన్‌స్పెక్టరు వస్తే చెయ్యి తడపడం తప్ప జరిగేది ఏముంది, దాన్ని ఎత్తివేస్తే నష్టమేమిటి అంటారు. ఆ మాటలో సగం నిజమున్నది. పాత రోజులలో తనిఖీ పేరిట సాగిన వసూళ్లు నేనెరుగనివి కావు. కాని కాపలావాడు నిద్రపోతున్నాడని తలుపే ఊడబెరికిన గృహస్థును తెలివైనవాడని ఎవరూ అనరు. వినియోగదారుడు బజారులో కూరగాయలను గిల్లి చూసి కొనగలడు. సిమెంటు పూసిన గోడ వెనుక తీగ జాయింటు ఎలా ఉన్నదో చూడలేడు. చూడలేని సరుకును అమ్మేచోట ఎవరో ఒకరు పూచీ పడక తప్పదు. లైసెన్సు అంటే ఆ పూచీయే.

ఇక ప్రభుత్వ సిబ్బంది చేస్తే సరి, ప్రైవేటు కాంట్రాక్టరు చేస్తేనే తప్పు అనే వాదాన్ని కూడా నేను అంగీకరించలేను. 1997 జూన్ 13న ఢిల్లీ గ్రీన్ పార్కులోని ఉపహార్ సినిమా హాలులో 59 మంది ఊపిరాడక మరణించారు. ఆ భవనంలోని ట్రాన్స్‌ఫార్మర్‌కు ఆ రోజు ఉదయమే ఒకసారి నిప్పంటుకుంది. ఢిల్లీ విద్యుత్ బోర్డు సొంత సిబ్బందే వచ్చి మరమ్మతు చేసి వెళ్లారు. కేబుల్ సాకెట్‌ను బిగించడానికి క్రింపింగ్ మెషీన్ వాడలేదనీ, డై పెట్టి సుత్తితో కొట్టారనీ న్యాయస్థానాల విచారణలో వెల్లడయింది. సాయంత్రానికి ఆ కేబుల్ వదులై మళ్లీ నిప్పు రాజుకుంది. హాలు యాజమాన్యం దారులు మూసివేయడం వేరే నేరం. దానికి వారు శిక్ష పొందారు. కాని మొదటి నిప్పురవ్వ పుట్టింది సరైన పనిముట్టు లేని చేతిలో. ఆ చెయ్యి జీతగానిదా, కాంట్రాక్టు మనిషిదా అన్నది కాదు ప్రశ్న. దానికి శిక్షణ ఉన్నదా, పనిముట్టు ఉన్నదా, తరువాత చూసే కన్ను ఉన్నదా అన్నదే ప్రశ్న.

దేశం ఇప్పుడు చేపడుతున్న పథకాల పరిమాణం చూస్తే ఆందోళన పెరుగుతుంది. 2017 సెప్టెంబరులో ఆరంభమైన సౌభాగ్య పథకం 2022 మార్చిలో ముగిసేసరికి 2.86 కోట్ల ఇళ్లకు కనెక్షన్లు ఇచ్చినట్లు ప్రభుత్వం ప్రకటించింది. చీకటి ఇళ్లలో దీపం పెట్టిన ఆ కృషిని తక్కువ చేయనవసరం లేదు. కాని తక్కువ రేటు కోట్ చేసినవానికి టెండరు, అతని నుంచి సబ్ కాంట్రాక్టు, దాని నుంచి మరొకటి అంటూ పని చేతులు మారేచోట, చివరి మనిషి దాకా మిగిలే సొమ్ములో ఎర్తింగ్‌కు ఎంత మిగులుతుంది? 2024 ఫిబ్రవరిలో ఆమోదం పొందిన సూర్యఘర్ పథకం కోటి ఇళ్ల కప్పుల మీద సౌరఫలకాలు పెట్టదలచింది. అంచనా వ్యయం 75,021 కోట్ల రూపాయలు. ఎండ ఉన్నంతసేపూ ఫలకం నుంచి వచ్చే విద్యుత్తును మెయిన్ స్విచ్ కట్టివేసి ఆపలేము. ఆ తీగలలో వదులు జాయింటు ఉంటే పుట్టే మంట మామూలు వైరింగ్‌లో పుట్టేదానికంటె మొండిది. ఈ పనికి కోటి ఇళ్ల మీదికి ఎక్కబోయేవారిలో పర్మిట్ గలవారు ఎందరు?

ఇన్‌స్పెక్టర్ రాజ్ తిరిగి రావాలని నేను కోరడం లేదు. ఉన్న చట్టం చెప్పిన మూడు అంచెలను నిజం చేస్తే చాలు. మొదటిది, ప్రతి ఇంటి మీటరు పక్కన కాంట్రాక్టరు లైసెన్సు నంబరు, పని చేసిన వైర్‌మన్ పర్మిట్ నంబరు, తేదీ ఒక రేకు మీద బిగించాలి. కారుకు నంబరు ఉన్నట్లే వైరింగ్‌కూ నంబరుండాలి. రెండవది, అనుభవ పత్రం కాంట్రాక్టరు దయాధర్మం మీద ఆధారపడరాదు. పని వచ్చినవాడు నేరుగా వచ్చి, తన భాషలో, చేతితో చేసి చూపి పర్మిట్ పొందే పరీక్ష ఉండాలి. దానిని ఇతర రాష్ట్రాలు గుర్తించాలి. ఎందుకంటే శ్రీకాకుళం మనిషి భువనేశ్వర్‌లోనూ, దర్భంగా మనిషి ఢిల్లీలోనూ పని చేస్తున్నాడు. మూడవది, వచ్చిన టెస్ట్ రిపోర్టులలో నూటికి కొన్నింటిని చీటీ తీసి ఎంచి సరఫరా సంస్థ స్వయంగా పరీక్షించాలి. అంకె అబద్ధమైతే లైసెన్సు పోవాలి. నాలుగవది, ప్రమాదం జరిగితే 2003 చట్టం 161వ సెక్షను కింద విద్యుత్ ఇన్‌స్పెక్టరు జరిపే విచారణ నివేదికను బీరువాలో పెట్టక, లైసెన్సు నంబరుతో సహా ప్రజల ముందు ఉంచాలి.

చేతులను గుర్తించడం అసాధ్యమన్న మాట నమ్మదగినది కాదు. తెలంగాణలో విద్యుత్ సంస్థలకు కాంట్రాక్టర్ల ద్వారా ఏళ్ల తరబడి పనిచేసిన ఇరవై వేలకు పైగా కార్మికులను 2017లో ఆర్టిజన్లుగా సంస్థలలోకి తీసుకున్నారు. ఆ నిర్ణయంలో లోటుపాట్లు ఏవైనా, అంతవరకు పేరు లేని చేతులకు ఒక పేరు వచ్చింది. స్తంభం ఎక్కేవానికి సాధ్యమైనది, గోడలో తీగ పరచేవానికి ఎందుకు సాధ్యం కాదు?

మన రెండు రాష్ట్రాలలోనూ ప్రధాన విద్యుత్ ఇన్‌స్పెక్టరు కార్యాలయాలున్నాయి, లైసెన్సింగ్ బోర్డులున్నాయి. కొత్త చట్టం కోసం ఢిల్లీ వైపు చూడనక్కరలేదు. ఎన్ని లైసెన్సులు ఇచ్చారు, ఒక్కొక్క దాని మీద ఏడాదికి ఎన్ని టెస్ట్ రిపోర్టులు వచ్చాయి, ఎన్నింటిని పరీక్షించారు, ఎన్ని లైసెన్సులు రద్దు చేశారు అనే నాలుగు అంకెలను ఏ శాసనసభ్యుడైనా వచ్చే సమావేశాలలో అడగవచ్చు. ఒకే సంతకం కింద ఒకే రోజున పదిళ్ల రిపోర్టులు వచ్చి ఉంటే, సంతకం పెట్టిన మనిషి ఆ పదిళ్లకూ వెళ్లాడా అని కూడా అడగవచ్చు. పార్లమెంటులో మన సభ్యులు అడగదలచుకుంటే, 2010లో చేరిన ఆ "లేదా" తరువాత సరఫరా సంస్థలు స్వయంగా పరీక్షించిన కనెక్షన్లు ఎన్ని అని మంత్రిగారిని అడగవచ్చు. లెక్క లేదని జవాబు వస్తే, కోట్ల ఇళ్ల గోడలలో ఏమున్నదో ప్రభుత్వానికే తెలియదని దాని అర్థం. ఆ జవాబునైనా సభ బల్లమీద పెట్టించడం అవసరం.