మీటరు చెప్పని గంటలు

మోకాలి ఆపరేషన్ అయ్యాక అమ్మ బస్సులో గంటసేపు కూడా కూర్చోలేకపోతోంది. పడుకుని వెళ్లే వీలున్న బండి ఉంటే అరకు, శ్రీశైలం చూపించొచ్చని నాన్న ఆశ. కొత్త క్యారవాన్ మా వల్ల కాదు. అందుకే టెంపో ట్రావెలర్‌లో సీట్లు తీసేసి మంచం, వంటగట్టు పెట్టిన పాత బండ్ల కోసం వెతకడం మొదలుపెట్టా. డబ్బులు నాన్న రిటైరైనప్పుడు వచ్చినవి. పోతే మళ్లీ రావు.

మా ముత్తుకూరులో మొదటి బండి వారంలోనే దొరికింది. కృష్ణపట్నం పోర్టు, నేలటూరు థర్మల్ ప్లాంటు పక్కనే ఉండబట్టి ఇక్కడ స్టాఫ్ వ్యాన్లకి కొదవ లేదు. ఇదీ అలా తిరిగిందే. 2018 మోడల్, మీటరు మీద లక్షా పదివేల కిలోమీటర్లు. లోపల కర్టెన్లు చూసి నాన్న అడ్వాన్స్ ఇచ్చేయబోయాడు.

తెలిసిన మెకానిక్‌ని వెంటబెట్టుకెళ్లా. ఆయన మొదటి ప్రశ్న: "కిలోమీటర్లు సరే అబ్బయా, ఏసీ వేసుకొని ఎన్ని గంటలు నిలబడుండాది?"

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నా నాకీ లెక్క తట్టలేదు. షిఫ్టు వదిలేదాకా ఇంజన్ ఆపకుండా రోజుకి నాలుగు గంటలు నిలబడిందనుకోండి. ఏడాదికి 300 రోజులు, ఐదేళ్లు. మొత్తం 6,000 గంటలు. గంటకి 30 కిలోమీటర్ల అరుగుదల అని ఉజ్జాయింపుగా వేసుకున్నా లక్షా ఎనభైవేలు. చక్రం తిరగలేదు కాబట్టి ఇది మీటరు మీద పడదు.

బానెట్ ఎత్తి చెయ్యి పెడితే ఇంజన్ వెచ్చగా ఉంది. మేం వచ్చేలోపే స్టార్ట్ చేసి పెట్టారు. డీజిల్ బండి అసలు గుణం చల్లగా ఉన్నప్పుడు తీసే మొదటి స్టార్టింగ్‌లోనే తెలుస్తుంది. నీలం పొగ వస్తే ఆయిల్ మండుతున్నట్టు. వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానపడాలి. ఆయన ఇంజన్ నడుస్తుండగానే ఆయిల్ మూత తీశాడు. గుప్పుగుప్పుమని పొగ తన్నింది. బ్యాక్ కంప్రెషన్. అంటే రింగులు, లైనర్లు అరిగాయి, ఇంజన్ విప్పాల్సిందే. ఇంటికొచ్చేదాకా నాన్న మాట్లాడలేదు.

రెండోది నెల్లూరులో చూశాం. తిరుపతి యాత్రలకి హైవే మీద తిరిగిన బండి. రెండు లక్షలు దాటింది. నాన్న ముఖం మాడ్చుకున్నాడు గానీ, ఇంజన్ చల్లగా ఉంది, ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది, మూత తీసినా పొగ లేదు. ఇక గేరుబాక్సు. న్యూట్రల్‌లో గరగర వచ్చి, క్లచ్ తొక్కితే ఆగిపోతే బేరింగు పోయినట్టు. యాక్సిలరేటర్ వదలగానే గేరు తనంతట తాను జారిపోకూడదు. ముందుకీ వెనక్కీ కదిపేటప్పుడు టక్కుమంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు చూడాలి. ఇవన్నీ బాగున్నాయి. హైవే ఎక్కి, టాప్ గేరులో ఒక్కసారిగా రేజ్ చేస్తే మాత్రం ఇంజన్ అరిచింది, వేగం పెరగలేదు. క్లచ్ ప్లేటు అయిపోయింది. క్లచ్ సెట్టు ఖర్చు, కూలీ రేటులో తగ్గించి అడిగితే ఒప్పుకున్నారు.

క్లచ్ ఎందుకంత ముఖ్యమంటే, స్టాఫ్ వ్యాన్‌లో మనుషులు దిగిపోతారు, ఇల్లు దిగదు. వంద లీటర్ల నీళ్లే వంద కిలోలు. మంచం, బ్యాటరీలు, ఫ్రిజ్ ఎప్పుడూ మీదే ఉంటాయి. శ్రీశైలం ఘాట్‌లో ఆ బరువంతా క్లచ్, గేరుబాక్సే లాగాలి.

బీఎస్-6 బండి చూసేవాళ్లకి ఇంకో మాట. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన ఈ డీజిల్ బండ్లలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే పొగగొట్టం బాగా వేడెక్కేలా దూరం నడపాలి. దగ్గరి ట్రిప్పులే తిరిగితే అది పూడుకుపోతుంది. తాళం తిప్పగానే వార్నింగ్ లైట్లన్నీ వెలిగి, స్టార్టయ్యాక ఆరాలి. అసలు వెలగని లైటు ఉంటే ఎవరో పీకేశారేమో అడగండి.

మొన్న ఆదివారం అమ్మని మైపాడు బీచ్‌కి తీసుకెళ్లాం. దారంతా పడుకునే వచ్చింది. నాన్న మాత్రం ముందు సీట్లో కూర్చుని, గేరు మార్చినప్పుడల్లా చెవులు రిక్కించి వింటూనే ఉన్నాడు.