అక్షరాలు కనబడితే కన్ను బాగున్నట్టేనా?

శెనక్కాయ చేలో ఊడలు దిగే వేళకు వాన మొఖం చాటేస్తే ఏమవుతుందో ముదిగుబ్బ చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన మనకు ఎవరూ చెప్పనక్కర లేదు. విత్తనం మంచిదే. చెట్టూ పచ్చగానే ఉంటుంది. కానీ ఎర్రనేల బిగుసుకుపోయి ఊడ లోపలికి దిగదు, కాయ పట్టదు. కంటి జబ్బుల మీద పరిశోధన చేసేవాళ్లు ఈ ఇరవై ఏళ్లుగా కణాల గురించి దాదాపు ఇదే మాట చెబుతున్నారు. హాస్టళ్లలో కంటి పరీక్ష ఎలా ఉండాలన్న విషయంలోనూ ఈ మాటను పట్టించుకోవాలని మా అభిప్రాయం.

2006లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వారు ఒకే రకం మూలకణాలను వేర్వేరు గట్టిదనం ఉన్న జెల్‌ల మీద పెంచారు. మెదడంత మెత్తని జెల్ మీద పెరిగినవి నాడీకణాల పోలికకు వచ్చాయి. కండరమంత బిగువున్న దాని మీదవి కండర కణాల్లా, ఇంకా గట్టి దాని మీదవి ఎముక కణాల్లా మారాయి. మారింది కింద పరుపు మాత్రమే! అదే ఏడు జర్మనీలోని లైప్‌జిగ్ శాస్త్రవేత్తలు రెటీనాలో నాడీకణాలను ఆనుకొని ఉండే ముల్లర్ కణాలను కొలిచి చూస్తే, అవి నాడీకణాల కంటే మెత్తగా ఉన్నాయి. అంతవరకు వాటిని స్తంభాలనుకున్నారు, నిజానికవి దూదిపరుపులు. రెటీనా దెబ్బతింటే ఈ కణాలే గట్టిపడతాయి. పావు మిల్లీమీటరు మందం పొరలో ఇంత కథ ఉంది.

షుగర్ సంగతి చూడండి. మన ఇళ్లలో అమ్మకో నాయనకో ఉండనే ఉంది. షుగర్ ముదిరితే రెటీనాలోని సన్న రక్తనాళాల అడుగుపొర మందమై గట్టిపడుతుంది. ఆ గట్టి పొర మీద ఉన్న నాళ కణాలు తెల్లరక్తకణాలను ఎక్కువగా అంటించుకుంటాయని 2016లో కాలిఫోర్నియా పరిశోధకులు చూపించారు. నాళాలు దెబ్బతినడానికి అదొక దారి. ఇదంతా జరుగుతున్నా మనిషికి చూపు చాలాకాలం బాగానే ఉంటుంది. బోర్డు మీద ఆఖరి వరస కూడా చదివేస్తారు.

హ్రస్వదృష్టిలో జరిగేది దీనికి తిరగబాటు. కంటిగుడ్డు వెనక తెల్లపొర బలం తగ్గి సాగుతుంది. గుడ్డు పొడవవుతుంది, లోపలి రెటీనా కూడా సాగి పలచబడుతుంది. అద్దాలు చూపును సరిచేస్తాయి గానీ సాగిన పొరను వెనక్కి తేలేవు. ఎక్కువ పవర్ ఉన్నవాళ్లకు రెటీనా చిరిగి ఊడే ప్రమాదం ఎక్కువ. ఊడితే దాని అడుగునుండే రంగు కణాలు కొన్ని చెదిరి, రూపం మార్చుకొని, మచ్చలాంటి పొర అల్లి ముడుచుకుంటాయి. ఆపరేషన్ చేసి అతికించిన రెటీనాను మళ్లీ లాగేస్తాయి.

1996 నుంచి 2000 వరకు హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థ రాష్ట్రంలో పదివేల మందికి పైగా కళ్లు పరీక్షించింది. హైదరాబాద్, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్, పశ్చిమ గోదావరి... గొప్ప పనే, కానీ అందులో రాయలసీమ లేదు. 2019 అక్టోబరు 10న కంటి వెలుగు మన అనంతపురంలోనే, అదీ బడి పిల్లలతోనే మొదలైంది. అద్దాలు లేక వెనక బెంచీలో తల వంచుకు కూర్చున్నవాళ్లను వెతికి పట్టుకోవడానికి అలాంటివి కావాలి. మేం అడిగేది దాని తర్వాతి మెట్టు. మైనస్ ఆరు దాటిన ప్రతి విద్యార్థికీ చుక్కల మందు వేసి, కంటిపాప పెద్దదయ్యాక రెటీనా చూడాలి. డబ్బెక్కడిదంటారేమో! అందరికీ అడగడం లేదు. ఒక హాస్టల్లో అలాంటివాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉంటారు. పుట్టపర్తి సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రి 1991 నుంచి ఉచితంగా వైద్యం చేస్తోంది. ఉద్యోగాల్లో ఉన్న మన పూర్వ విద్యార్థులు ఏడాదికొకసారి ఒక జీపు మాట్లాడితే చాలు. షుగర్ ఉన్న అమ్మానాయనలకు ఏటా ఇదే పరీక్ష చేయించే పూచీ మనది.

పదో తరగతి వాళ్లకు ఆటల పీరియడ్ తీసేసి స్టడీ అవర్ పెట్టడం కూడా మాకు నచ్చదు. పగటి వెలుతురులో బయట గడిపే పిల్లల్లో హ్రస్వదృష్టి తక్కువ వస్తుందని చైనాలో బడి పిల్లల మీద చేసిన పరిశోధన 2015లో తేల్చింది. మన మండలంలో ఎండకు కరువు లేదు కదా!

కంట్లో ఉన్నట్టుండి మెరుపులు మెరిసినా, నల్లచుక్కలు గుంపుగా తేలినా, పక్క నుంచి తెర దిగినట్టున్నా తెల్లారేదాకా ఆగొద్దు. రాత్రి ఎంతైనా సరే, వార్డెన్ గారిని నిద్రలేపండి.