చేప పేగు చక్కెరను ఎట్లు గ్రహించును?

తాడిమర్రి ప్రాంతపు ఇళ్లలో వేరుసెనగ చెక్క అనగానే పాడిపశువు గుర్తుకు వస్తుంది. చిత్రావతి నీరు పార్నపల్లె వద్ద జలాశయమై నిలిచిన నాటి నుండి ఈ మెట్ట సీమలో చేప అంత అపురూపం కాదు. చేపల చెరువులలోనూ ఆ చెక్కనే, నూనె తీసిన తవుడుతో కలిపి మేతగా వాడుతారు. ఆ తవుడులోని పిండిపదార్థం చేపకు నిజంగా వంటబట్టుతుందా? వంటబట్టనిది నీటిలో కుళ్లుతుంది, రైతు సొమ్ము నీళ్లపాలవుతుంది.

పిండిపదార్థం జీర్ణమై గ్లూకోజుగా మారుతుంది. పేగులో గ్లూకోజు తక్కువగా ఉన్నప్పుడు అది తనంతట తాను కణంలోకి చొరబడలేదు. కణం పైపొరలోని ఒక వాహక ప్రోటీను సోడియంతో జతకూర్చి దానిని లోనికి చేరవేస్తుంది. 1960లో ప్రాగ్ నగరంలో రాబర్ట్ క్రేన్ ప్రతిపాదించిన ఈ విధానం మనిషి పేగుకూ వర్తిస్తుంది. విరేచనాలతో సొమ్మసిల్లిన బిడ్డకు తల్లి తగు పాళ్లలో ఉప్పు, చక్కెర కలిపిన నీరు పట్టించేది ఇందుకే. ఆ రెండూ జంటగా లోనికి పోతూ నీటిని వెంట తీసుకుపోతాయి.

అయితే చేపలన్నిటికీ ఈ వాహకాలు ఒకే తీరున లేవు. శీలావతి, మోసు, గడ్డిచేప మొదలైన కార్పు జాతులకు జీర్ణాశయమే ఉండదు; పొడవైన పేగే సర్వస్వం. కొరమీను మాంసాహారి, దాని పేగు పొట్టిది. 1987లో రాండల్ బడింగ్టన్, జేర్డ్ డైమండ్ తదితరులు ప్రకటించిన పరిశోధనలో, శాకాహార చేపల పేగు చక్కెరను ఎక్కువగా గ్రహిస్తుందనీ, అందరికీ ఒకే మేత పెట్టినా ఈ తేడా చెరగదనీ తేలింది. అంటే ఇది చాలవరకు పుట్టుకతో వచ్చినది. కార్పు వంటి చేపలు పిండిపదార్థం పెరిగితే తమ గ్రహణశక్తిని కొంత పెంచుకోగలవు. మాంసాహార చేపలకు ఆ వెసులుబాటు బహు స్వల్పం. పైగా వాటి రక్తంలో చేరిన చక్కెర గంటల తరబడి తగ్గదు. చేపకు ఇన్సులిన్ లేక కాదు సుమా! 1922లో మెక్లియోడ్ ఇన్సులిన్ పుట్టుకను నిర్ధారించుకొన్నది చేపల గ్రంథుల నుండే.

హార్మోన్ల ప్రభావమూ ఉంది. 1992లో హజార్డ్, అహెర్న్ మిథైల్ టెస్టోస్టిరోన్ అనే హార్మోను చేప పేగులో గ్లూకోజు రవాణాను స్వల్పకాలంలోనే పెంచుతుందని చూపారు. తిలాపియా పిల్లలన్నీ మగవి కావడానికి హేచరీలలో తొలి వారాల మేతలో కలిపేది ఈ మందునే. ఆడచేపలు త్వరగా గుడ్లకు వచ్చి ఎదుగుదల మందగిస్తుందని అలా చేస్తారు. పేగుపై ఈ ప్రభావం చూసి ఎదిగిన చేపకు కూడా హార్మోను పెట్టి తవుడుతోనే బలిపించవచ్చునని ఎవరైనా సలహా ఇస్తే నమ్మరాదు. పేగు దాటిన చక్కెర కండగా మారడం వేరే సంగతి.

కొరమీనుకు ధర ఎక్కువని ఆశపడి, తవుడుపై దానిని సాకబూనడం వృథా. దానికి చిన్నచేపలో, చేపపొడి గల మేతో కావాలి. ఆ ఖర్చు ముందే లెక్కించుకోవాలి. కార్పు చెరువులో మేత సంచులకు రంధ్రాలు చేసి కర్రలకు కట్టే పద్ధతి ఉన్నది. సాయంకాలం సంచి విప్పి చూడండి; మిగిలి ఉంటే మరునాడు అంతమేర తగ్గించండి.